గేర్లు లేని లేత్ మీద మర కోయడం

నమస్కారం. మిషిగన్‌లో శనివారం ఉదయం తొమ్మిదైంది. విజయవాడలో రాత్రి ఏడున్నర కావడంతో నాన్నగారు భోజనానికి ముందు వీడియో కాల్‌లోకి వచ్చి కూర్చున్నారు. కారు ఉండవలసిన చోట లేత్, అంటే లోహపు ముక్కను తిప్పుతూ కోసే యంత్రం, ఉంది గనుక మా కారు మూడు నెలలుగా బయట మంచులోనే ఉంటోంది. ఈ విషయమై మా ఆవిడ అభిప్రాయాన్ని ఈ వీడియోలో చేర్చడం లేదు.

ఇది 1980ల తొలినాళ్ళలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో హార్డింజ్ సంస్థ తయారు చేసిన చిన్న సీఎన్‌సీ లేత్, అంటే అంకెల ఆదేశాలతో కంప్యూటర్ నడిపేది. మూతపడిన ఒక వర్క్‌షాపు సామాను అమ్ముతుంటే దాదాపు పాత ఇనుము ధరకే దొరికింది. కంట్రోల్ క్యాబినెట్ తలుపు తెరిస్తే వరుసగా కార్డులు, వాటి మీద దుమ్ము, ఎప్పుడో చచ్చిపోయిన బ్యాటరీ కనిపించాయి. ఆ బ్యాటరీతో పాటు మెమరీలోని పారామీటర్లు కూడా పోయాయి. అలాగని లేత్ పోయిందనుకోకూడదు. బెడ్డు మీద డయల్ గేజ్ పెట్టి చూశాను. ముక్కను తిప్పే స్పిండిల్ బేరింగులు, టూల్‌ను జరిపే బాల్ స్క్రూలు, స్లైడులు అన్నీ ఇంకా పదేళ్ళు పని చేసేలాగే ఉన్నాయి. ఇలాంటి యంత్రాలలో ముసలితనం ముందుగా ఎలక్ట్రానిక్స్‌కు వస్తుంది, ఇనుముకు కాదు. అందువల్ల ఇనుమును ఉంచి, నిర్ణయాలు తీసుకునే భాగాన్ని మాత్రం మార్చాలని అనుకున్నాను.

అంకెలతో యంత్రాన్ని నడపాలన్న ఆలోచన కూడా మా మిషిగన్ రాష్ట్రానిదే. హెలికాప్టర్ రెక్కల పనిలో ఉండగా ఆ ఆలోచనను ముందుకు తెచ్చిన జాన్ పార్సన్స్‌ది ఇక్కడి ట్రావర్స్ సిటీ. ఎంఐటీ వారు 1952లో కాగితపు టేపుతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని ప్రదర్శించి చూపించారు. నా గ్యారేజీలోని యంత్రం ఆ వంశంలోనిదే.

మొదటి చిక్కు కరెంటుతో వచ్చింది. విజయవాడ ఆటోనగర్‌లో ఏ షెడ్డుకైనా మూడు ఫేజులు ఉంటాయి. అమెరికాలో ఇళ్ళకు వచ్చేది సింగిల్ ఫేజ్ 240 వోల్టులే. అందుకని స్పిండిల్ మోటారు ముందు వీఎఫ్‌డీ పెట్టాను. అది సింగిల్ ఫేజ్ తీసుకుని మోటారుకు మూడు ఫేజులు ఇస్తుంది, వేగాన్ని కూడా మార్చనిస్తుంది. ఈ వీఎఫ్‌డీయే తర్వాత నా చేత రెండు వారాంతాలు వృథా చేయించింది. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

కొత్త మెదడుగా లైనక్స్‌సీఎన్‌సీని ఎంచుకున్నాను. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో ఈఎంసీ అన్న పేరుతో మొదలై, 2011లో ఈ పేరు పెట్టుకున్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. పాత ఆఫీసు కంప్యూటర్ ఒకటి, దానికీ యంత్రానికీ మధ్య సంకేతాలు చేరవేసేలా నెట్‌వర్క్ కేబుల్‌తో తగిలించిన మీసా కార్డు ఒకటి, అంతే సరంజామా. ఎంత తిరిగాయో కొలుచుకుంటూ నడిచే పాత డీసీ సర్వో మోటార్లను, వాటికి కరెంటు ఇచ్చే డ్రైవులను తీయలేదు. వాటికి కావలసింది మైనస్ 10 నుంచి ప్లస్ 10 వోల్టుల లోపు ఒక ఆదేశం మాత్రమే, దానిని కార్డు ఇస్తుంది. అన్నీ పీకేసి అడుగులు అడుగులుగా తిరిగే కొత్త స్టెప్పర్ మోటార్లు పెట్టమని సలహా ఇచ్చేవారు చాలామంది ఉన్నారు కానీ, బాగున్న సర్వోను తీసి స్టెప్పర్ పెట్టడం నాకు నచ్చలేదు. ఎమర్జెన్సీ స్టాప్‌ను మాత్రం సాఫ్ట్‌వేర్‌కు వదలకుండా, బటన్ నొక్కగానే రిలే ద్వారా డ్రైవుల కరెంటే తెగిపోయేలా వైరింగ్ చేశాను. మొదటి రోజే దాని అవసరం పడింది. తిరుగుడును లెక్కపెట్టే ఎన్‌కోడర్ లెక్క ఒక దిక్కుకు, మోటారు తిరిగేది మరో దిక్కుకు ఉండేలా తీగలు తారుమారు చేశాను. తప్పును సరిదిద్దుకోబోయి కంట్రోల్ దాన్ని ఇంకా పెంచుతూ పోయింది, స్లైడు ఒక్క ఉదుటున చివరికి పరుగెత్తింది.

ఇక అసలు విషయానికి వస్తాను. లేత్ నిజంగా బాగుపడిందా లేదా అన్నది మర కోసినప్పుడే తెలుస్తుంది. ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళకు పైగా టర్నర్‌గా పనిచేసిన నాన్నగారు కెమెరాలో యంత్రమంతా చూసి అడిగిన మొదటి ప్రశ్న ఇదే.

"చేంజ్ గేర్లు ఎక్కడ పెట్టావురా?"

"గేర్లు లేవు నాన్నా."

"మరి మర ఎలా వస్తుందిరా?"

మామూలు లేత్‌లో స్పిండిల్‌కు, టూల్‌ను జరిపే లీడ్ స్క్రూకు మధ్య గేర్ల వరుస ఉంటుంది. స్పిండిల్ ఒక చుట్టు తిరిగేలోగా టూల్ సరిగ్గా ఒక పిచ్, అంటే ఒక మర నుంచి పక్క మరకు ఉన్న, దూరం జరిగేలా చూసేది ఆ వరుసే. లీడ్ స్క్రూ అంగుళాలదై, కోయవలసిన మర మిల్లీమీటర్లదైతే 127 పళ్ళ గేరు కావాలి, అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు, దానిని అయిదుతో హెచ్చిస్తే 127 వస్తుంది కాబట్టి. ఆ గేరు వాళ్ళ షెడ్డులో ఒక్కటే ఉండేదనీ, పక్క షెడ్ల వాళ్ళు అడిగి పట్టుకుపోతే తిరిగి రప్పించడం పెద్ద పని అయ్యేదనీ నాన్నగారు చెప్పారు.

నా లేత్‌లో ఆ పనంతా స్పిండిల్‌కు పళ్ళ బెల్టుతో ఒకటికి ఒకటిగా తగిలించిన ఎన్‌కోడర్ చేస్తుంది. అది చుట్టుకు 4,096 గుర్తులు లెక్కపెడుతుంది, చుట్టుకు ఒక్కసారి ఇండెక్స్ అనే ప్రత్యేక గుర్తు కూడా ఇస్తుంది. పిచ్ 2 మిల్లీమీటర్లయితే ఒక్కో గుర్తుకు టూల్ దాదాపు అర మైక్రాన్ జరగాలి. నిమిషానికి 300 చుట్ల వేగంలో సెకనుకు ఇరవై వేలకు పైగా గుర్తులు వస్తాయి. వాటిని కార్డే లెక్కిస్తుంది, కంప్యూటర్ మిల్లీసెకనుకు ఒకసారి ఆ లెక్క చూసుకుని స్లైడుకు ఆదేశం ఇస్తుంది. టూల్ లోహాన్ని కొరికి స్పిండిల్ కాస్త నెమ్మదిస్తే స్లైడు కూడా అంతే నెమ్మదిస్తుంది. గేర్లతో జరిగేది కూడా ఇదేనని నాన్నగారు వెంటనే అందుకున్నారు. టూల్‌ను లీడ్ స్క్రూకు తగిలించే హాఫ్ నట్ వేయడానికి డయల్ మీద సరైన అంకె వచ్చేదాకా ఆగడం టర్నర్లందరికీ తెలిసిన పనే. ఇక్కడ ఇండెక్స్ గుర్తు కోసం యంత్రమే ఆగుతుంది.

తర్వాత మర కోయమని చెప్పే జీ76 అనే ఒక్క వరుస ఆదేశాన్ని స్క్రీన్ మీద చూపించాను. అందులో పీ అక్షరం పిచ్, కే మర లోతు, క్యూ దగ్గర 29.5 అని ఉంది. అది చూడగానే నాన్నగారు నవ్వారు. అరవై డిగ్రీల మరకు టర్నర్లు, టూల్‌ను ఏటవాలుగా జరిపే కాంపౌండ్ స్లైడును ఇరవై తొమ్మిదిన్నర డిగ్రీలకు తిప్పి పెట్టేవారు, అప్పుడు టూల్ ఎక్కువగా ఒక పక్కతోనే కోస్తుంది, బిగుసుకుపోదు. ఆర్ అక్షరం ప్రతి కోతకూ లోతు ఎలా తగ్గాలో చెబుతుంది, మర లోతయ్యే కొద్దీ టూల్ మీద భారం పెరుగుతుంది కదా. హెచ్ అంటే చివర్లో లోతు పెంచకుండా అదే కొలతలో మళ్ళీ నడపడం. ఆయన చేతికి తెలిసినదంతా అక్షరాలుగా ఆ ఒక్క వరుసలో ఉంది. "అదంతా ఎవరో టర్నర్‌ను అడిగే రాసి ఉంటారు," అన్నారు.

ఇంత చెప్పిన తర్వాత ఓటమి కూడా చెప్పాలి. మొదటి ఎం16 (16 మిల్లీమీటర్ల) బోల్టు మీద మూడు కోతలు చక్కగా వచ్చాయి. నాలుగో కోతలో టూల్ గాడిలోకి దిగకుండా మర అంచును తెగ్గొట్టింది. మరో ముక్క పెడితే రెండో కోతకే అదే గతి పట్టింది. ప్రోగ్రామును అనుమానించాను, బెల్టును అనుమానించాను. చివరికి సంకేతాలను గీతలుగా చూపే హాల్‌స్కోప్‌లో చూస్తే, చుట్టుకు ఒక్కసారి రావలసిన ఇండెక్స్ అప్పుడప్పుడు మధ్యలో కూడా కనిపించింది. తప్పు నాదే. కేబుళ్ళు అందంగా కనబడాలని ఎన్‌కోడర్ తీగను వీఎఫ్‌డీ నుంచి మోటారుకు వెళ్ళే తీగతో కలిపి కట్టేశాను, వీఎఫ్‌డీ గోల ఇండెక్స్ తీగలోకి దూరింది. రెండింటినీ విడదీసి, షీల్డును ఎర్త్ చేసి, ప్రతి సంకేతాన్నీ దాని వ్యతిరేక సంకేతంతో జంటగా పంపే డిఫరెన్షియల్ ఎన్‌కోడర్‌కు మారిన తర్వాత ఆ దొంగ గుర్తులు ఆగిపోయాయి. కేబుళ్ళు ఇప్పుడు చూడడానికి అంత బాగుండవు.

ఈ రోజు కోసినది అయిదో ముక్క. ముక్కను పట్టుకునే కోలెట్‌లోంచి తీయకుండానే నట్టు తిప్పి చూశాను. నాలుగు మరల దాకా వెళ్ళి బిగుసుకుంది. "రెండు థౌ తియ్యరా," అన్నారు నాన్నగారు కెమెరాలోంచే. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, రెండు థౌ అంటే దాదాపు 0.05 మిల్లీమీటర్లు. ఆఫ్‌సెట్‌లో వ్యాసం మీద అంతే తగ్గించి సైకిల్ స్టార్ట్ నొక్కాను. టూల్ వెనక్కి వెళ్ళి, ఇండెక్స్ కోసం ఆగి, అదే గాడిలోకి దిగింది. ఊడిన లోహం వెంట్రుకంత సన్నగా, ఒకే పోగుగా వచ్చింది. ఈసారి నట్టు వేలి మీదే చివరిదాకా తిరిగింది.

"ఇంకోసారి తిప్పు, చప్పుడు వినాలి," అన్నారు. ఫోను దగ్గర పెట్టి తిప్పాను. ఇంతలో అమ్మ అన్నానికి పిలిచింది, ఆయన లేచారు.