ముత్తాత కాలానికి మనది ఏ జిల్లా?

పెద్దలందరికీ నమస్కారం. వెనక వరసలో ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకు ఇంకో నమస్కారం, ఇవాళ పని ఆ ఫోన్లతోనే: మన ముత్తాతల వివరాలు ఆన్‌లైన్‌లో వెతకడం ఎలాగో చూద్దాం.

వి.వి. గిరిగారు 1894లో, ఇప్పుడు ఒడిశాలో ఉన్న మన బరంపురంలోనే పుట్టారు. రాష్ట్రపతి అయ్యారు కాబట్టి ఆయన వివరాలు ఎవరూ వెతకక్కర్లేదు. ఆయన ఈడువాడే మన ముత్తాత అనుకోండి. మనవడు ఇంటర్నెట్‌లో "ఒడిశా" అని కొట్టి, ఒడిశా కాగితాలన్నీ తిరగేసి, ఏమీ లేదని ఊరుకుంటాడు. ఎలా దొరుకుతుంది? అప్పటికి మనది మద్రాసు ప్రెసిడెన్సీ, గంజాం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడేదాకా మన దస్త్రాలు మద్రాసుకే వెళ్ళాయి. ఆ ప్రెసిడెన్సీ దస్త్రాలు ఇప్పటికీ చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట వాళ్ళు కూడా అప్పుడు గంజాం జిల్లావాళ్ళే. 1936లో వాళ్ళు విశాఖ జిల్లాలో కలిశారు, 1950లో శ్రీకాకుళం జిల్లా వచ్చింది. జయపురం, రాయగడ వైపు విశాఖ జిల్లా నుంచి ఇటు వచ్చింది. పర్లాకిమిడి జమీందారీని రెండు ముక్కలు చేశారు. పర్లాకిమిడిలో ఉండే గిడుగు రామమూర్తిగారు ఆ ఏడే ఆ ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆ పర్లాకిమిడే 1992లో గజపతి జిల్లా అయింది. వీధి మారకుండా మూడు జిల్లాల పేర్లు చూసిన కుటుంబాలు ఈ హాల్లోనే ఉంటాయి.

అందుకే కంప్యూటర్ ముందు కూర్చునే ముందు ఒక కాగితం తీసుకోండి. ముత్తాత పుట్టిన ఏడు, పెళ్ళయిన ఏడు, పోయిన ఏడు సుమారుగానైనా రాసి, ఒక్కోదాని పక్కన అప్పటి జిల్లా పేరు రాయండి. వెతకాల్సింది ఆ పేరుతో. ఇంగ్లీషులో కొట్టేటప్పుడు దొరల స్పెల్లింగే వాడాలి: శ్రీకాకుళానికి చికాకోల్, విశాఖపట్నానికి వైజాగపటాం. మీ ఊరి పేరు వాళ్ళు ఎలా రాశారో తెలియకపోతే, 1882 నాటి గంజాం జిల్లా మాన్యువల్ ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉచితంగా చదవొచ్చు.

ఇప్పుడు అందరూ అడిగే సంగతికి వస్తాను. "మా తాత ఓడెక్కి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు." సరే, ఎటు వెళ్ళాడు? మొదట తేలాల్సింది ఇదే. నాటాల్‌కి, అంటే దక్షిణాఫ్రికాకి వెళ్ళి ఉంటే మన అదృష్టం. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి మొదటి కూలీలను డర్బన్‌లో దించింది. అప్పటి నుంచి 1911 దాకా ఒప్పందం మీద వెళ్ళినవాళ్ళకి రిజిస్టర్లు రాశారు. ఒక్కో మనిషికి నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, చివరికి ఒంటి మీది పుట్టుమచ్చ కూడా. ఆ జాబితాలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ఇంటిపేరు మాత్రం చాలాచోట్ల ఉండదు, ఉట్టి అప్పన్న, రాములు అని ఉంటుంది. అందుకే తండ్రి పేరు, ఊరు రెండూ కలిస్తేనే మనవాడు అనుకోండి.

రంగం, అంటే బర్మాలోని రంగూన్ వెళ్ళినవాళ్ళ కథ వేరు. మన గోపాలపురం రేవు నుంచి రంగానికి స్టీమర్లు నడిచేవి. టికెట్ కొనుక్కునో, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకునో ఎక్కేవాళ్ళు. నాటాల్ లాంటి ఒప్పందం లేదు, కాబట్టి అలాంటి రిజిస్టరూ లేదు. 1941 డిసెంబరులో జపాన్ వాళ్ళు రంగం మీద బాంబులు వేశాక నడిచి వచ్చినవాళ్ళలో ఎంతోమంది పేర్లు ఎవరూ రాసుకోలేదు. డబ్బు కట్టించుకుని రంగం ఓడల లిస్టులు తీసిస్తామనే వెబ్‌సైట్లను నేనైతే నమ్మను. మీవాడు సిపాయిగా యుద్ధంలో చనిపోయి ఉంటే మాత్రం కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ సైట్ చూడండి. తండ్రి పేరు, ఊరు కూడా రాసిన ఎంట్రీలు అందులో చాలా ఉన్నాయి, చూడటానికి పైసా అక్కర్లేదు.

భూమి సంగతి. భూమి రికార్డుల వెబ్‌సైట్లు సరిహద్దుకి ఇటుపక్క ఒడిశాలో భూలేఖ్, అటుపక్క ఆంధ్రలో మీభూమి. రెండూ చూడాలి, ఎందుకంటే పొలం అక్కడ, ఇల్లు ఇక్కడ అయినవాళ్ళు మనలో ఎక్కువ. భూలేఖ్‌లో పేర్లు ఒడియా లిపిలో ఉంటాయి, ఇంటిపేరు ముందు ఉండొచ్చు, వెనక ఉండొచ్చు. ఒడియా చదివే మనవరాల్ని పక్కన కూర్చోబెట్టుకోండి.

ఆడవాళ్ళ పేర్లు వీటన్నిటిలోనూ తక్కువే, మన ముత్తవ్వలకి పట్టా ఎవరిచ్చారు గనక! పాత శుభలేఖలు, లగ్నపత్రికలు పెట్టెల్లోంచి తీయండి. తర్పణాలు వదిలేవాళ్ళని అడగండి. అమ్మ, నాయనమ్మ, ఆమె అత్తగారు, తల్లివైపు తాతలు, అన్నీ వాళ్ళకి నోటికి వచ్చు. ఈ పేర్లు చేతిలో పెట్టుకుని వెళ్తేనే ఆన్‌లైన్ జాబితాల్లో ఏ అప్పన్న మన అప్పన్నో తేలుతుంది.

ఒక హెచ్చరిక. భూలేఖ్ నుంచి ప్రింటు తీసిన కాగితం మనం చూసుకోవడానికే. అన్నదమ్ముల మధ్య వాటాల దాకా వస్తే తహసీల్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకోవాల్సిందే. ఇక మీ ప్రశ్నలు అడగండి. ఊరి పేరు, ఏడు రెండూ చెప్పి మరీ అడగండి.