పర్లాకిమిడి కబుర్లు: మగవాళ్ళు దాచుకునే జబ్బు

బావ: అందరికీ నమస్కారం. పర్లాకిమిడి నుంచి మళ్ళీ మేమిద్దరమే. ఇవాళ మగవాళ్ళకు మూత్రం దారిలో చీము కారడం గురించి. ఎందుకొస్తుంది, మందేమిటి.

బామ్మర్ది: పలాస జీడిపప్పు ఎపిసోడ్‌లా పక్కదారి పట్టకు బావా.

బావ: పట్టను. ఎక్కువగా రెండు కారణాలు. ఒకటి గనేరియా, పెద్దవాళ్ళు సెగరోగం అంటారే, అదే. ఆ జబ్బున్నవాళ్ళతో శారీరకంగా కలిసిన రెండు నుంచి ఐదు రోజుల్లో చిక్కటి పసుపుపచ్చ చీము, మూత్రం పోస్తే మంట. రెండోది క్లమీడియా. ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది, పల్చగా కారుతుంది. కొందరికి ఏమీ కనబడదు. రెండూ ఒకేసారి ఉండొచ్చు, అందుకే రెండిటికీ కలిపి మందిస్తారు.

బామ్మర్ది: మరి షుగర్?

బావ: మొదలెట్టావా!

బామ్మర్ది: చెప్పాలి కదా. ముందుచర్మం కింద పెరుగులా తెల్లగా పేరుకుని, దురద, పగుళ్ళు ఉంటే అది చాలాసార్లు ఫంగస్. తగ్గి మళ్ళీ మళ్ళీ వస్తుంటే షుగర్ పరీక్ష చేయించుకోవాలి.

బావ: నిజమే. ఇక మందు. నా మందుల షాపుకి షట్టర్ వేసే వేళకి వచ్చి, ‘సిప్రో రెండు మాత్రలియ్యి’ అంటారు. గనేరియాకి ఇప్పుడు సిప్రో నమ్ముకోలేం, ఆ క్రిమి దానికి లొంగడం మానేసింది. జిల్లా ఆసుపత్రిలో ఇలాంటి సుఖవ్యాధులకి చూసే సురక్ష క్లినిక్ ఉంటుంది. బూడిద రంగు కిట్‌లో సెఫిక్సిమ్, అజిత్రోమైసిన్ ఉచితంగా ఇస్తారు. మోతాదు డాక్టరే చెప్పాలి. హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు కూడా అప్పుడే చేయించుకోవాలి.

బామ్మర్ది: ఇక్కడ ఎవరైనా చూస్తారని పాతపట్నం పోతారు బావా.

బావ: పోనీ. ఎక్కడైనా సరే, డాక్టర్‌కి చూపించుకుంటే చాలు. భార్యకి కూడా మందు ఇప్పించాలి.

బామ్మర్ది: అక్కడే ఉంది చిక్కు. సూరత్ మిల్లు నుంచి వచ్చిన కుర్రాడు పెళ్ళాంతో ఏమని చెబుతాడు? ఆ పిల్ల పుట్టింటికి వెళ్ళిపోతే?

బావ: చెప్పకపోతే ఏమవుతుందో ఆలోచించావా?

బామ్మర్ది: తను మందు వేసుకుంటే తగ్గిపోతుంది కదా!

బావ: తగ్గుతుంది, ఆమె నుంచి మళ్ళీ అంటుకుంటుంది. అంతకంటే పెద్ద సంగతి వేరే ఉంది. ఆడవాళ్ళకి చాలామందికి లక్షణాలే ఉండవు. లోలోపల గర్భసంచి గొట్టాల దాకా పాకి, పిల్లలు పుట్టకుండా పోవచ్చు. అప్పుడు ఊరు గొడ్రాలని ఎవరిని అంటుంది? సూరత్ వెళ్ళినవాణ్ణా?

బామ్మర్ది: ...

బావ: చెప్పు.

బామ్మర్ది: ఆమెనే అంటారు.

బావ: అందుకే నాకు కోపం. కడుపుతో ఉంటే పుట్టే బిడ్డ కళ్ళకి కూడా సోకొచ్చు.

బామ్మర్ది: నేను దాచమనట్లేదు బావా. ఒక్కడే ఇంట్లో కూర్చుని చెప్పలేడు అంటున్నాను. ఆ క్లినిక్‌లో సలహాలిచ్చే కౌన్సెలర్ ఉంటే వాళ్ళ ఎదుట చెప్పొచ్చు. ఫోన్‌లో అడగాలంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 ఉంది.

బావ: ఆ, అది మంచి దారి. ఇద్దరూ మందు వేసుకున్నాక వారం రోజులు దూరంగా ఉండాలి. ఆ తర్వాత కూడా కండోమ్ వాడాలి.

బామ్మర్ది: ఇంకోటి. మలానికి ముక్కినప్పుడు ఎప్పుడైనా ఒక జిగట చుక్క వస్తే ధాతువు పోతోందని లాడ్జి డాక్టర్లకి వేలు పోస్తున్నారు. మంట, చీము లేకపోతే అది జబ్బు కాదు. ఊరికే టెన్షన్ పడుతున్నారు.

బావ: మా షాపులో ఆ లేహ్యాలు నేను పెట్టను. ఎవరడిగినా పెట్టను.

బామ్మర్ది: తెలుసు. వృషణాల వాపు సంగతి ఇంకా రాలేదు.

బావ: ఒక్క మాట చెప్తాను. వృషణంలో ఉన్నట్టుండి భరించలేని నొప్పి వస్తే తెల్లారేదాకా ఆగొద్దు, అర్ధరాత్రయినా ఆసుపత్రికి పోవాలి. మెలి తిరిగితే కొన్ని గంటలే టైం ఉంటుంది. మిగతాది వచ్చేవారం.

బామ్మర్ది: షుగర్‌తో కలిపి.

బావ: కలిపే చెబుదాం.