ఇంటి దగ్గర చిన్న గాలిమర

శ్రోతలకు నమస్కారం.

అనంతపురం ప్రాంతంలో రామగిరి కొండల మీద తిరిగే పెద్ద గాలిమరలను చూసినవారికి, అటువంటిదే చిన్నదొకటి పొలం గట్టున నిలబెట్టుకుంటే రెండు దీపాలూ ఒక ఫ్యానూ నడవవా అనిపించడం సహజం. నడుస్తాయి. ఈ ఆలోచన కొత్తదీ కాదు. 1887లో జేమ్స్ బ్లైత్ అనే ఆచార్యుడు స్కాట్లండులోని మేరీకిర్క్ గ్రామంలో, తన విడిది ఇంటి తోటలో గుడ్డ తెరచాపల గాలిమర కట్టి, దానితో బ్యాటరీలు నింపి, ఇంట్లో విద్యుద్దీపాలు వెలిగించాడు.

అయితే మర సంగతి చూసే ముందు గాలి సంగతి చూడాలి. గాలి వేగం రెట్టింపయితే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. రెండు మీటర్ల వ్యాసం గల రెక్కల చక్రాన్ని తీసుకుంటే, సెకనుకు 3 మీటర్ల వేగంతో వీచే గాలి దాని గుండా మోసుకుపోయే శక్తి సుమారు 50 వాట్లు. అదే 6 మీటర్ల వేగమయితే 400 వాట్లు. ఇందులో 59 శాతానికి మించి ఎంత గొప్ప యంత్రమూ రాబట్టలేదు. ఇంట్లో చేసిన మర నాలుగో వంతు ఇచ్చిందంటే బాగా పనిచేసినట్టే. అంటే మనకు దక్కేది మందగాలికి 12 వాట్లు, మంచి గాలికి 100 వాట్లు. మన వైపు గాలి బలమంతా నైరుతి రుతుపవనాల నెలల్లోనే ఉంటుంది. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలన్న రైతు మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది కనుక, మిగిలిన నెలల కోసం పక్కన ఒక సౌర ఫలకం కూడా ఉంచుకోవడం మేలు. గుమ్మం ముందు కరెంటు స్తంభం ఉన్నవారికి మాత్రం ఈ ఖర్చు గిట్టుబాటు కాదని నా అభిప్రాయం.

పాత సీలింగ్ ఫ్యానును తిప్పితే కరెంటు రాదా అని చాలామంది అడుగుతారు. మామూలు ఫ్యానులో అయస్కాంతాలు ఉండవు కాబట్టి, ఉన్నదున్నట్టుగా తిప్పితే రాదు. ఇంట్లో చేసుకోవడానికి అనువైన నమూనాను స్కాట్లండులోనే స్కోరేగ్ అనే మారుమూల ద్వీపకల్పంలో నివసించే హ్యూ పిగ్గాట్ ప్రచారంలోకి తెచ్చాడు. రెక్కలతో పాటు తిరిగే రెండు ఉక్కు పళ్లాల మీద పన్నెండేసి నియోడిమియం అనే బలమైన అయస్కాంతాలను ఉత్తర దక్షిణ ధ్రువాలు ఒకటి విడిచి ఒకటి వచ్చేలా అమర్చి, రెండింటి మధ్య తొమ్మిది రాగి తీగ చుట్టలను రెజిన్‌లో, అంటే గట్టిపడే జిగురులో, పోతపోసిన బిళ్లను కదలకుండా నిలుపుతారు. చుట్టలలో ఇనుము లేనందువల్ల అయస్కాంతాలు వాటిని పట్టి ఆపవు. చిన్న గాలికే చక్రం కదులుతుంది. బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపులో ఈ చుట్టలు శుభ్రంగా చుట్టి ఇస్తారు. అయస్కాంతాల దగ్గర మాత్రం తొందర పనికిరాదు. పళ్లెం మీద ఒకటి అతికించి రెండోది చేతిలో పట్టుకుని దగ్గరకు తెస్తే, అది చేతిలోంచి ఎగిరి వేలిని నలిపేస్తుంది. చెక్క ముక్కను అడ్డుపెట్టి నెమ్మదిగా పక్కనుంచి జరపాలి.

రెక్కలకు పీవీసీ గొట్టం కోసి వాడేవారున్నారు గానీ, ముడులు లేని తేలికైన చెక్కను చెక్కిన రెక్క ఎక్కువ కాలం నిలుస్తుంది. మూడింటినీ బిగించాక చక్రాన్ని ఒక మొన మీద నిలబెట్టి, ఏ రెక్క కిందికి వాలుతుందో చూసి, ఎదుటి వైపు సీసపు ముక్క బిగించి తూకం సరిచేయాలి. ఈ పని వదిలేస్తే బేరింగులూ స్తంభమూ రెండూ అదురుతాయి. గాలి జోరులో రెక్క కొన వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటుతుందని గుర్తుంచుకోండి.

స్తంభానికి పెట్టే ఖర్చు మర ఖర్చుతో సమానమయినా ఆశ్చర్యపోనక్కరలేదు. చుట్టూ 150 మీటర్లలో ఉన్న చెట్లకూ కప్పులకూ కనీసం 9 మీటర్ల ఎత్తున రెక్కలు తిరగాలి; అంతకన్నా తక్కువయితే సుడులు తిరిగే గాలి తప్ప సూటి గాలి అందదు. ఇంటి కప్పు మీద బిగించడం అసలు తగదు, ఎందుకంటే అదురు గోడల్లోకి దిగి రాత్రంతా మోగుతుంది. స్టే వైర్లతో నాలుగు వైపులా కట్టి, అడుగున మడత బందు ఉన్న పైపు స్తంభమయితే, మరమ్మతుకు ఎవరూ పైకెక్కకుండా నేలకు దించుకోవచ్చు. తీగ దూరం ఎక్కువయితే 12 వోల్టులకు బదులు 48 వోల్టులకు చుట్టించండి. అదే శక్తికి విద్యుత్ ప్రవాహం నాలుగో వంతవుతుంది, అదే తీగలో వృథా పదహారో వంతుకు పడిపోతుంది.

గాలి వీస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీయకూడదు. భారం లేని చక్రం అదుపు తప్పి వేగం పుంజుకుని రెక్కలు విరగవచ్చు. అందుకే బ్యాటరీ నిండాక మిగులు విద్యుత్తును ఒక హీటరు చుట్టలోకి మళ్లించే కంట్రోలరు ఉండాలి. పెనుగాలికి చక్రాన్ని పక్కకు తిప్పేసే మడత తోక కూడా ఉండాలి. తుఫాను హెచ్చరిక వస్తే, గాలి ముదరకముందే మరను ఆపి, స్తంభాన్ని పడుకోబెట్టి, రెక్కలు విప్పి ఇంట్లో పెట్టుకోండి.