నీళ్ళలో బతికే మనీప్లాంట్ నీళ్ళకే ఎందుకు చస్తోంది?

మీ మనీప్లాంట్‌ని చంపుతున్నది మీ తులసికోట. సరిగ్గానే విన్నారు. ఎలాగో చెప్తా, ముందు ఈ గొడవ తేల్చేద్దాం.

మొన్న యూట్యూబ్ షార్ట్‌లో "హాల్లో పెట్టిన మనీప్లాంట్‌కి రోజూ నీళ్ళు పోయకండి" అన్నాను. ఆ ఒక్క మాటకి కామెంట్లలో నన్ను ఉతికి ఆరేశారు! "మా ఇంట్లో సీసాలో ఉత్త నీళ్ళలోనే ఏళ్ళ తరబడి బతుకుతోంది, నీళ్ళెక్కువైతే చస్తుందంటావేంటి?" అని ఒకాయన. ఆ కామెంట్‌కి వచ్చినన్ని లైకులు నా షార్ట్‌కి రాలేదు.

ప్రశ్న మాత్రం మంచిదే. సీసాలో బతికే మొక్క కుండీలో ఎందుకు చస్తుంది? ఎందుకంటే అది నీళ్ళెక్కువై చావట్లేదండీ. ఊపిరాడక చస్తోంది. మళ్ళీ చెప్తున్నా, ఊపిరాడక!

వేరుకి కూడా గాలి కావాలి. మట్టి రేణువుల మధ్య చిన్న చిన్న సందులుంటాయి, వాటిలో ఉండే గాలి నుంచే వేరు ఆక్సిజన్ తీసుకుంటుంది. మీరు నీళ్ళు పోశారు, సందులు నిండాయి. ఆ నీళ్ళు కారిపోతే మళ్ళీ గాలి వచ్చి చేరుతుంది. కానీ మీరు ఆరనిస్తేగా! మర్నాడు పొద్దున్నే మళ్ళీ చెంబుతో తయారు. ఇక వేరుకి గాలెక్కడిది? మెత్తబడుతుంది, పితియం లాంటి, వేరుని కుళ్ళబెట్టే తెగుళ్ళు పట్టుకుంటాయి, నల్లగా కుళ్ళిపోతుంది.

మరి సీసా సంగతి? సీసాలో మొలిచిన వేరు మొదటి రోజు నుంచీ నీళ్ళలోనే తయారైంది. నీళ్ళలో కరిగిన ఆక్సిజన్‌తో సర్దుకునేలా పెరిగింది. మట్టిలో పెరిగిన వేరుకి ఆ అలవాటు లేదు. అయినా సీసావాళ్ళు కూడా నీళ్ళు మార్చడం మానేసి చూడండి, అక్కడా కంపు మొదలవుతుంది. కామెంట్ పెట్టినాయనా, వింటున్నారా?

ఇంకో తమాషా. మనీప్లాంట్ కొనకూడదు, దొంగిలించి తెచ్చుకుంటేనే కలిసొస్తుందని మనవాళ్ళ నమ్మకం. పక్క ఫ్లాట్ ఆంటీ బాల్కనీలోంచి కొమ్మ తుంచుతారు. ఆంటీకి తెలుసు, ఏమీ అనదు, ఆవిడా అలాగే తెచ్చుకుంది మరి. ఆ కొమ్మని సీసాలో వేస్తారు, తెల్లటి వేర్లొస్తాయి, ఇంట్లో సంబరం. తర్వాత తీసి ఎర్రమట్టి కుండీలో గుచ్చుతారు. నీళ్ళకి అలవాటైన వేరు మట్టికి మారేటప్పుడు కొన్నాళ్ళు తంటాలు పడుతుంది. ఒకటి రెండు ఆకులు వాలతాయి. ఆ మొదటి రోజుల్లో మట్టి తడిగా ఉండాలి, ఒప్పుకుంటా. తడిగా అన్నాను, బురదగా అనలేదు!

ఇప్పుడు నా థియరీ. తిట్టుకుంటే తిట్టుకోండి.

మన ఇళ్ళలో చాలామందికి మొక్కకి నీళ్ళు పోయడం నేర్పింది తులసికోట. పొద్దున్నే స్నానం, చెంబుడు నీళ్ళు, దణ్ణం. తులసి ఆరుబయట ఉంటుంది, ఎండా గాలీ తగులుతాయి, పొద్దున పోసింది సాయంత్రానికి చాలావరకు ఆరిపోతుంది. రోజూ పోసినా దానికి నడుస్తుంది. అదే చెయ్యి, అదే చెంబు, వెనక్కొస్తూ హాల్లోకి తిరుగుతుంది. అక్కడ టీవీ పక్కన మూలలో మనీప్లాంట్. ఎండ లేదు, గాలి లేదు, కర్టెన్ కూడా తీయరు. వెలుతురు తక్కువైతే మొక్క తాగేదీ తక్కువే. నిన్నటి చెంబే ఇంకా లోపల ఉంది తల్లీ! భక్తి తులసికి, శిక్ష మనీప్లాంట్‌కి.

"ఇది వానల అడవి మొక్క కదన్నా, నీళ్ళంటే ఇష్టం కదా" అంటారు. దీని సొంతూరు పసిఫిక్ సముద్రంలో, తాహితీ పక్కన మోరియా దీవి. అక్కడ వానలకి కొదవ లేదు. కానీ అక్కడిది ఎలా బతుకుతుందో చూడండి. చెట్టుకి పాకుతుంది, కణుపుల దగ్గర వేర్లు బెరడుని పట్టుకుంటాయి, పైకెక్కే కొద్దీ ఆకు దాదాపు మీటరు పొడవు దాకా పెరుగుతుంది, అంచులు చీలిపోతాయి. వాన పడుతుంది, బెరడు మీంచి జారిపోతుంది, వేరుకి మళ్ళీ గాలి. తడి వస్తుంది, పోతుంది. మన కుండీలో వచ్చిన తడి కాపురం పెడుతుంది.

నా అసలు కడుపుమంట ఇక్కడ. కుండీ అడుగున గులకరాళ్ళు! ప్రతి గార్డెనింగ్ వీడియోలోనూ ఇదే, "డ్రైనేజీ కోసం ఒక పొర రాళ్ళు వేసుకోండి". ఎవరు చెప్పారయ్యా? సన్నటి మట్టిలోంచి నీళ్ళు పెద్ద పెద్ద ఖాళీలున్న రాళ్ళలోకి అంత తేలిగ్గా దిగవు. మట్టి అడుగు పూర్తిగా నానాకే దిగుతాయి. తడి స్పాంజిని తీసుకెళ్ళి గులకరాళ్ళ మీద పెట్టండి, దానంతటదే ఆరిపోతుందా? అడుగున తడి అలాగే పట్టుకుని ఉంటుంది. ఇదీ అంతే. రాళ్ళేసి మీరు చేసిందల్లా ఆ బురద పొరని రెండంగుళాలు పైకి, సరిగ్గా వేర్ల దగ్గరికి లేపడం. ఒక చిల్లు చేసే పని బస్తా రాళ్ళు చేయవు. గిఫ్టులకి అమ్మే ఆ మెరిసే పింగాణీ కుండీలు చూశారా? చాలావాటికి అడుగున చిల్లే ఉండదు. అది కుండీయా, కూరగిన్నెయా?

ఇందులో పెద్ద ఉచ్చు ఒకటుంది. వేరు కుళ్ళితే నీళ్ళు లాగలేదు. నీళ్ళు అందకపోతే ఆకు వాలుతుంది. చూసేవాళ్ళకి దాహం వేసినట్టే ఉంటుంది. "అయ్యో, వాడిపోయింది" అని ఇంకో చెంబు! అందుకే ఆకు చూసి పోయకండి, మట్టి చూడండి. ఒక చీపురుపుల్ల తీసుకుని లోపలి దాకా గుచ్చి తీయండి. తడి మట్టి అంటుకుంటే చెంబు దింపేయండి. పొడిగా వస్తే అడుగు చిల్లులోంచి కారేదాకా నిండుగా పోయండి, కింద పళ్ళెంలో చేరినవి పారబోయండి. కోకోపీట్, అదే కొబ్బరిపీచు పొట్టు, వేసినవాళ్ళు మరీ జాగ్రత్త, పైన ఎండినట్టు కనిపిస్తుంది, లోపల తడే. ఆర్వో మెషీన్ వదిలే వేస్ట్ వాటర్ పోసేవాళ్ళకి విడిగా క్లాసు పీకుతా, నీళ్ళలోని ఉప్పులన్నీ చిక్కబడి ఉండేది అందులోనే.

"అన్నా, ఇంతకీ ఎన్ని రోజులకోసారి?" చెప్పను! మే నెలలో విజయవాడ బాల్కనీకి ఒక లెక్క, ఆగస్టు ముసురులో హైదరాబాద్ హాలుకి ఇంకో లెక్క. రెండింటికీ కలిపి "వారానికోసారి" అని చెప్పేవాళ్ళని నమ్మితే మీ ఇష్టం.

ఇప్పటికే మట్టి తడిగా ఉండి ఆకులు పసుపెక్కి రాలుతుంటే ఇవాళే కుండీలోంచి పెకలించండి. నల్లగా, మెత్తగా ఉన్న వేర్లు కత్తిరించేయండి. వేర్లన్నీ పోయాయా? గట్టిగా, పచ్చగా ఉన్న తీగని కణుపు కిందికి కోసి, ఆ కణుపు మునిగేలా సీసాలో పెట్టండి, కొత్త వేర్లు వస్తాయి. ఆంటీ బాల్కనీకి మళ్ళీ వెళ్ళక్కర్లేదు.

రాళ్ళ పార్టీవాళ్ళు ఎలాగూ కొట్టడానికొస్తారు, రండి. కాకపోతే ఒక షరతు. ముందు కుండీ ఎత్తి అడుగు చూసి, చిల్లు ఉందా లేదా కామెంట్లో రాసి, ఆ తర్వాత తిట్టండి.