సగం కట్టిన చెక్క భవనం

ముందు ఈ రేకు ముక్క మీ చేతుల్లోకి పంపిస్తున్నాను, చూసి పక్కవాళ్లకి ఇవ్వండి. జాగ్రత్త, పళ్లున్నాయి, గుచ్చుకుంటాయి. అరచెయ్యంత ఉంటుంది, ఒకవైపు నున్నగా, రెండోవైపు దువ్వెన పళ్లలాగా లేచిన కొనలు. ఒక్కో పన్ను సెంటీమీటరు ఉంటే గొప్ప. చెక్క ఇళ్ల పైకప్పు ట్రస్సుల్లో, అంటే కప్పుని మోసే త్రికోణపు చట్రాల్లో, రెండు కర్రలు కలిసే చోట అటొకటి ఇటొకటి పెట్టి ప్రెస్సులో నొక్కేస్తారు. మేకు లేదు, బోల్టు లేదు, కప్పు బరువంతా ఈ పళ్ల పట్టు మీదే. ఇదెందుకు తెచ్చానో చివర్లో చెబుతాను.

చెక్క ఫ్రేము భవనాల్లో అగ్నిప్రమాదాల గురించి మాట్లాడమన్నారు. ఈ మాట ఎత్తగానే ఎవరో ఒకరు "చెక్క కదండీ, కాలకేం చేస్తుంది" అంటారు. అందులో అబద్ధమేమీ లేదు గానీ, అలా అనేసి ఊరుకుంటే అసలు విషయం తప్పించుకుపోతుంది. పొయ్యి రాజేసినవాళ్లని అడగండి. లావు మొద్దు కింద అగ్గిపుల్ల గీసి పెడితే దానికి మసి అంటుతుంది, అంతే. సన్న పుల్లలు ఏరి, అడ్డంగా నిలువుగా, మధ్యలో గాలి ఆడేలా పేర్చి, అడుగున గుప్పెడు పొట్టు వేస్తే అప్పుడు భగ్గుమంటుంది. చెక్క అదే, పేర్చిన తీరు వేరు. ఇప్పుడు సగం కట్టిన చెక్క భవనాన్ని ఒకసారి తలుచుకోండి. నాలుగు సెంటీమీటర్ల మందం కూడా లేని నిలువు కర్రలు నలభై సెంటీమీటర్లకొకటి, మధ్యలో ఖాళీ, కిటికీలకి అద్దాల్లేవు, గదులకి తలుపుల్లేవు, మెట్ల దారి అడుగు నుంచి కప్పు దాకా బార్లా తెరిచి ఉంది, నేలంతా రంపపు పొట్టు. పొయ్యి పేర్చమని పందెం కట్టినా ఇంతకంటే బాగా పేర్చలేం.

లావు దూలం సంగతి వేరు. కాలుతుంటే దాని పైన బొగ్గు పొర కట్టుకుంటుంది, ఆ పొరే సెగని లోపలికి పోకుండా ఆపుతుంది. మెత్తని జాతి కలపకి యూరప్ డిజైన్ నియమాల్లో నిమిషానికి 0.65 మిల్లీమీటర్లు కాలుతుందని లెక్క వేస్తారు. అంటే గంటకి నాలుగు సెంటీమీటర్లు. ముప్పై సెంటీమీటర్ల చదరపు దూలం నాలుగువైపులా గంటసేపు కాలినా లోపల ఇరవై రెండు సెంటీమీటర్ల గట్టి చెక్క మిగిలి, బరువు మోస్తూనే ఉంటుంది. అదే లెక్క ఆ సన్న నిలువు కర్రకి వేయండి, రెండువైపుల నుంచీ కాలితే అరగంటకి అక్కడ మిగిలేది బొగ్గే. చెయ్యెత్తేసేది ఇంకా ముందే. "మా తాతల కాలం చెక్క మేడ వందేళ్లు నిలిచింది" అనేవాళ్లకి నేను చెప్పేది ఇదే. అది దూలాల మేడ, ఇది పుల్లల మేడ, రెంటినీ ఒకే గాటన కట్టకండి.

ఇక ఆ ఖాళీల గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే నా ఉద్దేశంలో కర్ర కంటే కర్రల మధ్య ఉన్న ఆ సందుల వల్లే ఎక్కువ కొంపలు అంటుకుంటాయి. 19వ శతాబ్దంలో అమెరికాలో బెలూన్ ఫ్రేమింగ్ అని ఒక పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది. నిలువు కర్ర పునాది నుంచి కప్పు దాకా ఒకటే పొడవు. సన్న కర్ర, మేకులు, నలుగురు మనుషులుంటే చాలు, చకచకా ఇల్లు లేచేది. కానీ గోడ లోపలి ప్రతి ఖాళీ కింది నుంచి అటక దాకా అడ్డులేని పొగగొట్టం అయిపోయింది. నేలమాళిగలో నిప్పు పుడితే మధ్య అంతస్తులో ఉన్నవాళ్లకి తెలియకుండానే అటక అంటుకునేది. 1871 అక్టోబరులో షికాగో తగలబడినప్పుడు 17 వేలకి పైగా భవనాలు పోయాయి, సుమారు 300 మంది చనిపోయారు, లక్ష మందికి నిలువ నీడ లేకుండా పోయింది. దానికి బెలూన్ ఫ్రేమింగ్ ఒక్కటే కారణమని నేననను, ఎండిపోయిన ఊరు, ఈదురుగాలి, కాలిబాటలు సైతం చెక్కవే. తర్వాత ప్లాట్‌ఫాం పద్ధతి వచ్చింది. ఒక అంతస్తు గోడలు లేపి, పైన అడ్డకర్ర వేసి, దాని మీద నేల పరిచి, మళ్లీ పై అంతస్తు మొదలుపెట్టడం. ఆ అడ్డకర్రే పొగగొట్టానికి మూత. బాగుంది కదా? ఆ తర్వాత ప్లంబరు వస్తాడు, ఎలక్ట్రీషియన్ వస్తాడు, ఏసీ వాళ్లొస్తారు, తలా ఒక చిల్లు పెడతారు, ఒక్కోసారి గొట్టం రెండంగుళాలైతే చిల్లు నాలుగంగుళాలు. ఆ చిల్లుల్ని ఫైర్‌స్టాపింగ్ మసాలాతో, అంటే మంట దాటకుండా ఆపే ముద్దతో, పూడ్చేది పని చివర్లో. అప్పటిదాకా మూత ఉన్నట్టే ఉంటుంది గానీ లేనట్టే లెక్క.

పూర్తయిన భవనానికి అండగా ఉండేవి ఏవి? మొదటిది జిప్సం బోర్డు. చూడ్డానికి సుద్దముక్కలా ఉంటుంది గానీ దాని స్ఫటికాల్లో బరువులో ఐదో వంతు నీళ్లే. మంట తగిలినప్పుడు ఆ నీళ్లు ఆవిరవుతూ వేడిని తినేస్తాయి, అవి అయిపోయేదాకా వెనకనున్న కర్ర అంటుకునేంత వేడెక్కదు. రెండోది స్ప్రింక్లర్లు. మామూలు స్ప్రింక్లర్‌లో ఎర్ర గాజు బల్బు 68 డిగ్రీల దగ్గర పగులుతుంది, నీళ్లు పడతాయి. మూడోది తలుపులు. మూసిన తలుపు ఎన్ని ప్రాణాలు కాపాడుతుందో ఫైర్‌మెన్‌ని అడిగితే చెబుతారు. సగం కట్టిన భవనంలో ఈ మూడింట్లో ఏదీ ఉండదు. బోర్డు కింద కట్టలు కట్టి ఉంటుంది, స్ప్రింక్లర్ గొట్టాల్లో నీళ్లుండవు, తలుపులు ఇంకా లారీ దిగవు. కర్ర మాత్రం మొత్తం ఎక్కేసి ఉంటుంది.

2014 మార్చిలో హ్యూస్టన్‌లో కడుతున్న అపార్ట్‌మెంట్ తగలబడినప్పటి వీడియో చాలామంది చూసే ఉంటారు. పనివాడొకాయన అయిదో అంతస్తు బాల్కనీలో చిక్కుకుని, రెయిలింగు పట్టుకుని వేలాడి, కింది బాల్కనీలోకి ఊగి దూకి, ఫైర్‌వాళ్ల నిచ్చెన ఎక్కాడు. ఆ నిచ్చెన వెనక్కి జరుగుతుండగానే గోడ కూలింది. అదే ఏడాది డిసెంబరులో లాస్ ఏంజిలెస్‌లో కడుతున్న పెద్ద చెక్క భవనానికి ఒకడు కావాలనే నిప్పు పెట్టాడు. పక్కనున్న ఆఫీసు భవనాల అద్దాలు ఆ సెగకే పగిలాయి. మీ సైటు చుట్టూ కంచె, రాత్రి కాపలా, లైట్లు అంటే దొంగతనం కోసమే అనుకుంటాం, అగ్గిపెట్టె పట్టుకొచ్చేవాడి కోసం కూడా.

"పూర్తయితే ఇక భయం లేదన్నమాట" అనుకోకండి. న్యూజెర్సీలో ఎడ్జ్‌వాటర్ అనే చోట ఒక చెక్క ఫ్రేము సముదాయం 2000లో కడుతుండగా తగలబడింది, మళ్లీ కట్టారు, 2015 జనవరిలో జనం కాపురం ఉండగా మళ్లీ తగలబడింది. ఈసారి గొట్టం రిపేరుకి వాడిన బ్లోటార్చ్ గోడ లోపలి చెక్కని అంటించింది. స్ప్రింక్లర్లున్నాయి, నియమం ప్రకారమే పెట్టారు, కానీ అప్పటి ఆ నియమం గోడల సందుల్లోనూ అటకలోనూ పెట్టమని అడగలేదు. గదులు తడుస్తుంటే మంట సందుల్లోంచి అటకెక్కింది. ప్రాణాలు పోలేదు, అదే పదివేలు.

నేను పనిచేసిన సైటులో ఒక సాయంత్రం జరిగింది చెబుతాను. మూడో అంతస్తులో గ్రైండర్‌తో ఇనుప బ్రాకెట్ కోస్తున్నారు. పర్మిట్ ఉంది. ఫైర్ వాచ్ కోసం, అంటే ఎక్కడైనా నిప్పు అంటుకుంటుందేమో కనిపెట్టడానికి, ఒక కుర్రాడు మంటలార్పే సిలిండరు పట్టుకుని నిలబడే ఉన్నాడు, నిప్పురవ్వలు పడిన చోటల్లా కాలితో నలుపుతున్నాడు కూడా. అయిదింటికి పని ఆపారు, అతను అరగంట కూర్చుని వెళ్లిపోయాడు. ఏడింటికి కాపలాదారు కింది అంతస్తులో ఏదో కమురు వాసన వస్తోందని ఫోన్ చేశాడు. వెళ్లి చూస్తే మంట లేదు, పొగ కూడా సరిగ్గా లేదు. గోడ మీద చెయ్యి పెట్టాను, ఒకచోట వెచ్చగా తగిలింది. అక్కడ ప్లైవుడ్ కోసి తీస్తే లోపల పిడికెడు రంపపు పొట్టు, పైన బూడిద, ఊదితే ఎర్రగా. పక్కన కర్ర అంగుళం లోతున నల్లబడింది. పైన గొట్టం కోసం పెట్టిన చిల్లులోంచి జారిన రవ్వ ఒక్కటే. నివురుగప్పిన నిప్పు అని చిన్నప్పటి నుంచీ అంటూనే ఉన్నాం, నేను చూడ్డం అదే మొదలు. కుర్రాడి తప్పేమీ లేదండీ, అతను చూడాల్సిన అంతస్తే వేరు, అది అతనికి మేమెవరం చెప్పలేదు.

అందుకే వేడి పనుల నియమాల్లో, అంటే వెల్డింగ్, కటింగ్, టార్చ్ పనులన్నిటికీ, చుట్టూ 11 మీటర్ల మేర కాలే వస్తువు ఉండకూడదు, తీయలేనిదాన్ని మంట పట్టని గుడ్డతో కప్పాలి, నేలలో చిల్లులు మూసేయాలి అంటారు. పని ఆగాక కాపలా ఇదివరకు అరగంట, 2019 నాటి అమెరికా ప్రమాణంలో దాన్ని గంట చేశారు. నన్నడిగితే చెక్క సైటులో గంట కూడా తక్కువే. నేనైతే వేడి పనులు మధ్యాహ్నానికల్లా ముగించేయమంటాను, అప్పుడు సాయంత్రం దాకా సైటు నిండా జనం, అందరి ముక్కులూ కాపలానే. ఫైర్ వాచ్ మనిషికి చీపురిచ్చి "పనిలో పని ఊడ్చెయ్యి" అనే సూపర్‌వైజర్లుంటారు, దయచేసి వద్దు.

మిగతావి మీకు తెలిసినవే. చలికి పెట్టే హీటర్లు, తాత్కాలిక వైరింగు, పైన సిగరెట్లు, మూలన వంట. ఒక్క నూనె గుడ్డల సంగతి చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే చాలామంది నమ్మరు. అవిసె నూనె పట్టిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేస్తే, ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే వాటంతటవి వేడెక్కి అంటుకుంటాయి. నూనె ఆరడమంటే గాలితో కలవడం, అప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేదు. విడివిడిగా పరిచి ఆరేయండి, లేదా మూతున్న ఇనుప డబ్బాలో వేయండి.

సైటు ఇంజనీర్లతో ఒక మాట. మంటలార్పడానికి పెట్టే నీళ్ల గొట్టం, అదే స్టాండ్‌పైపు, భవనంతోపాటే ఎక్కాలి. అయిదంతస్తుల కర్ర లేచి, నీళ్లు మొదటి అంతస్తులో ఉంటే ఆ భవనానికి నీళ్లు లేనట్టే. బోర్డు కూడా చివరికి ఒక్కసారే కొట్టేద్దామని ఆపకండి, కింది అంతస్తు వైరింగు అయిపోతే అది మూసేస్తూ రండి. షెడ్యూలు కుదరదంటారు, తెలుసు. నేనూ అన్నాను ఒకప్పుడు.

రేకు వచ్చిందా? ఆ పన్ను పొడుగు మళ్లీ చూడండి. చెక్క సెంటీమీటరు లోతు బొగ్గవడానికి పావుగంట. అంటే పావుగంటకి ఆ పన్ను పట్టుకోవడానికి చెక్కే ఉండదు, పైగా ఇనుము కాబట్టి సెగని తనే లోపలికి లాక్కుంటుంది, ఇంకా ముందే ఊడొచ్చు. 2008లో అమెరికాలో యూఎల్ అనే భద్రతా పరీక్షల సంస్థ, అడుగున జిప్సం బోర్డు లేని చెక్క నేలల్ని కాల్చి చూసింది. మామూలు కోత కర్రతో వేసిన నేల 18 నిమిషాలు దాటి నిలిచింది, సన్నటి ఐ ఆకారపు తయారీ దూలాలతో వేసినది 6 నిమిషాలకే కూలింది. ఫైరింజన్ గేటు దగ్గరికి రావడానికే అంత పడుతుంది. అందుకని సగం కట్టిన చెక్క భవనం అంటుకుంటే, మనుషులందరూ బయటికొచ్చారని తేలాక, ఫైర్‌వాళ్లు లోపలికెళ్లకుండా పక్క ఇళ్లని తడుపుతుంటే "చూస్తూ నిలబడ్డారేంటి" అని అరవకండి. వాళ్లకి ముందు మీరు చెప్పాల్సింది ఒక్కటే, ఎంతమంది లోపల ఉన్నారు. పొద్దున సంతకాలు పెట్టిన పుస్తకం గేటు దగ్గరుందా, మూడో అంతస్తులో మీ ఆఫీసు గదిలో ఉందా?

సరే, ఆ రేకు ఇలా ఇచ్చేయండి, రేపు ఇంకోచోట చూపించాలి. అడిగేవి ఉంటే అడగండి.