గంధకం ఒకచోట, భాస్వరం మరోచోట

(హైదరాబాద్‌లో డిగ్రీ బయోకెమిస్ట్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మన ఒంటి బరువులో సుమారు 96 శాతం ఆక్సిజన్, కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్‌లదే. ఇది మీకు ఇంటర్ నుంచీ తెలిసిన లెక్కే. పిండిపదార్థాల్లో, మామూలు కొవ్వుల్లో ఉండేవి కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్. ప్రోటీన్లకొస్తే నైట్రోజన్ తోడవుతుంది, కాస్త గంధకం కూడా. వెంట్రుక కాలితే వచ్చే ఆ కంపులో గంధకం పాలుంది. అమీర్‌పేట పార్లర్లలో జుట్టుకు పర్మనెంట్ స్ట్రెయిటెనింగ్ చేసేటప్పుడు మందు తెంచేది, జుట్టులోని ప్రోటీన్ అయిన కెరాటిన్‌లో గంధకానికీ గంధకానికీ మధ్య ఉన్న బంధాలనే.

డీఎన్ఏలో గంధకం లేదు, భాస్వరం ఉంది. ఈ ఒక్క తేడా పట్టుకుని 1952లో హెర్షీ, చేజ్ అనే శాస్త్రవేత్తలు పెద్ద చిక్కుముడి విప్పారు. వంశపారంపర్య సమాచారం ప్రోటీన్‌దా, డీఎన్ఏదా అన్న వాదన అప్పటికింకా తెగలేదు. వాళ్లు బ్యాక్టీరియాను పట్టే వైరస్ తీసుకుని, ప్రోటీన్‌కు రేడియోధార్మిక గంధకం, విడిగా డీఎన్ఏకు రేడియోధార్మిక భాస్వరం ఎక్కించారు. వైరస్‌లు బ్యాక్టీరియాకు అంటుకున్నాక, బయట మిగిలిన భాగం ఊడిపోయేలా బ్లెండర్‌లో వేసి తిప్పారు. గంధకం చాలావరకు బయటే ఉండిపోయింది, భాస్వరం చాలావరకు లోపలికి పోయింది. అంటే వంశపారంపర్య సమాచారం మోసేది డీఎన్ఏయే అన్నమాట. నా దృష్టిలో జీవశాస్త్రంలో ఇంత అందమైన ప్రయోగాలు అరుదు.

ఆ రేడియోధార్మిక భాస్వరం 14 రోజులకే సగమైపోతుంది. విదేశాల నుంచి తెప్పించుకునేలోపే తరిగిపోతుందంటే పరిశోధకులకు ఎంత టెన్షనో ఆలోచించండి! అందుకే హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఆవరణలో పెట్టిన 'జొనాకి' ల్యాబ్, ఆ భాస్వరం ఉన్న న్యూక్లియోటైడ్లను, అంటే డీఎన్ఏను కట్టే ఇటుకలను, ఇక్కడే తయారుచేసి దేశమంతా పంపడం చిన్న విషయం కాదు.

భాస్వరం గురించి మాట్లాడుతూ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలవకుండా ఎలా ఉంటాను? 1925లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఆయన భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటించారు. మాలిబ్డేట్ అనే రసాయనంతో కలిసిన భాస్వరాన్ని క్షయకరణం చేస్తే, అంటే దానికి ఎలక్ట్రాన్లు అందిస్తే, నీలం రంగు తేలుతుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. ఆ నీలాన్నే కొలుచుకుంటూ వాళ్లిద్దరూ 1927లో కండరంలో శక్తిని నిల్వ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో కణాలకు శక్తినందించే ఏటీపీని పట్టుకున్నారు. ఏటీపీని జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది విడిగా కనుగొన్నాడు.

ఇక్కడున్న లెక్చరర్లకు నా మనవి ఒక్కటే. ఈ పరీక్షకు కావలసింది కొన్ని రసాయనాలు, రంగు చిక్కదనం కొలిచే ఒక కలరిమీటర్. నలుగురికి ఒక సెట్ ఇచ్చి సరిపెట్టకుండా ప్రతి ఒక్కరి చేతా చేయించండి. విద్యార్థులూ, సీనియర్ల రికార్డు చూసి రీడింగులు ఎక్కించకండి. మీ కళ్లముందు ఆ నీలం తేలేదాకా ఆగి, అప్పుడు రాయండి.