భుజానికి తక్కువ బరువే మందు

అందరికీ నమస్కారం. అలిపిరిలో 3,550 మెట్లు ఎక్కే ఊరు మనది, కాళ్ళ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఈరోజు భుజాల గురించి మాట్లాడుకుందాం.

భుజం కీలులో బంతి పెద్దది, అది కూర్చునే గిన్నె చిన్నది, లోతు కూడా తక్కువ. అందుకే చేయి అన్ని వైపులా తిరుగుతుంది, అందుకే పట్టు తప్పే భయమూ ఉంది. బంతిని గిన్నెలో నిలిపి ఉంచే పని సుప్రాస్పైనేటస్, ఇన్‌ఫ్రాస్పైనేటస్, టెరెస్ మైనర్, సబ్‌స్కాపులారిస్ అనే నాలుగు కండరాలది. వీటినే రొటేటర్ కఫ్ అంటారు. పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, పరీక్షేమీ లేదు. ఛాతీ పెంచే బెంచ్ ప్రెస్ మోజులో కుర్రాళ్ళు వీటిని పట్టించుకోరు. అద్దంలో కనపడవు కదా!

వీటికి కేబుల్ మెషిన్ మీద చేసే వ్యాయామం ఒకటి చూపిస్తా. ఇలా రా నాయనా. ఎదురుగా కాదు, పక్కకి తిరిగి నిలబడు. ఎడమ భుజం మెషిన్ వైపు. కేబుల్ బయటికొచ్చే పుల్లీని మోచేతి ఎత్తుకి దించాను, హ్యాండిల్ కుడిచేత్తో పట్టుకో. మోచేయి వంచి ఒంటికి ఆనించు. మధ్యలో ఈ తువ్వాలు చుట్టి పెడుతున్నా. ఇది కింద పడిందంటే మోచేయి పక్కకు లేచినట్టే. ఇప్పుడు ముంజేతిని పొట్ట ముందు నుంచి బయటికి తిప్పు. మణికట్టు వంచొద్దు.

చూశారా, నడుము కూడా తిరిగిపోతోంది! బరువెక్కువైంది. పిన్ను పైకి మార్చు, మొదటి ప్లేటే చాలు. సిగ్గెందుకు? అదీ బరువనిపిస్తే రబ్బరు బ్యాండు వాడొచ్చు. వెనక్కి వచ్చేటప్పుడు మూడు లెక్కపెట్టుకుంటూ మెల్లగా రా. ప్లేట్లు టపీమని పడితే సగం వ్యాయామం ఎగ్గొట్టినట్టే. 12 నుంచి 15 సార్లు, రెండు సెట్లు, వారానికి రెండు మూడు రోజులు చేస్తే చాలు.

ఇంతలోనే అడిగేశారు, డంబెల్‌తో చేయకూడదా అని. నిలబడి చేస్తే దండగ. డంబెల్ కిందికి లాగుతుంది, మనం తిప్పేదేమో పక్కకి. బరువంతా మోసేది బైసెప్స్. డంబెలే కావాలంటే పక్కకి ఒరిగి పడుకుని పై చేత్తో చేయండి. కేబుల్ పక్క నుంచి లాగుతుంది కాబట్టి నిలబడే చేసుకోవచ్చు.

పెద్దవాళ్ళకి ఒక మాట. షుగర్ ఉన్నవాళ్ళకి భుజం బిగుసుకుపోయే సమస్య ఎక్కువ. చొక్కా తొడుక్కోవడానికి చేయి వెనక్కి పోకపోయినా, రాత్రి నొప్పికి ఆ పక్కకి ఒత్తిగిలలేకపోయినా, పడ్డాక చేయి పైకి లేవకపోయినా ఈ మెషిన్ జోలికి రావద్దు. ముందు ఎముకల డాక్టరుకి చూపించండి, మన ఊళ్ళోనే బర్డ్ ఆసుపత్రి ఉంది.

సరే నాయనా, ఇప్పుడు ఎడమచేయి. అటు తిరుగు.